మొదటి మూడు సెకన్లు

నవంబరు 8, శనివారం

గండికోటలో సుప్రజ, భార్గవల షూటింగ్ అయిపోయింది. పెండ్లి మాఘమాసంలో. పెండ్లికి ముందు తీసే ఫోటోల కోసం కమలాపురం నుంచి మా ఎర్రగుంట్ల స్టూడియోను వెతుక్కుంటా వచ్చింది ఈ పాపే. "ఇన్‌స్టాలో మీ పేజీ చూసినా అక్కా. ఆడమనిషి తీస్తే నాకు ధైర్యంగా ఉంటాది" అనింది మొదటిసారి ఫోన్ చేసినప్పుడు. కమలాపురంలోనే ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాదంట. అబ్బాయిది కడప. గ్రానైట్ వ్యాపారం.

సాయంత్రం ఎండ లోయ మీద పడి రాళ్ళన్నీ బట్టీలో ఇటుకల మాదిరి ఎర్రగా అయినాయి. అట్లాంటి వెలుగు ఊరికే దొరకదు. పాపకు ఎత్తంటే భయం, అంచు కాడికి రానంటే రాననింది. అందుకే మధ్యలో కాసేపు ఆగినాం. తమ్ముడు శామ్ కారు కాడికి నీళ్ళకు పోయినాడు, నేను లెన్స్ మార్చుకుంటా కూచున్యా. అబ్బాయే ఏదో నచ్చజెప్పి అంచుకు తీసుకొచ్చినాడు. ఆ తర్వాత పాప తల వెనక్కి వాల్చి నవ్వింది. పొద్దున్నుంచి నేను కాచుకోనుండింది ఆ నవ్వు కోసమే.

పాప గాజు ఒకటి పగిలింది. రాయికి తగిలిందంట.

అబ్బాయికి కొంచెం తొందరెక్కువ. వెలుగు పోతాందని అయ్యుంటాది.

నవంబరు 12, బుధవారం

ఎడిటింగ్. శామ్‌ది ఎప్పుడూ ఒకటే మాట. మొదటి మూడు సెకన్లలో చూసేవాళ్ళ వేలు ఆగాల. ఆగలేదంటే మిగతాది ఎంత బాగా తీసినా దండగే. పేజీ చూసుకునేది వాడు కాబట్టి వాని మాట వినాల్సిందే. అందుకని చివర్లో వచ్చిన నవ్వును ముందుకు తెచ్చినా. నవ్వు, దాని వెనక లోయ, గాలికి లేచిన కొంగు, తర్వాత ఇద్దురూ చేయి చేయి పట్టుకోని నడిచేది. ఎన్నిసార్లు చూసినా నాకే విసుగు పుట్టలేదు.

స్టాండు మీద పెట్టిన రెండో కెమెరా ఆపడం మర్చిపోయినాం. ఊరికే శానాసేపు తిరిగింది. కొంచెం చూసినా. దాంట్లో పనికొచ్చేది లేదు, పక్కన పెట్టేసినా.

నవంబరు 15, శనివారం

రీలును పేజీలో పెట్టే ముందు సుప్రజకు పంపినా. "బాగుంది అక్కా. పెట్టుకోండి" అని ఒక్క ముక్క రాసింది. వేరే పిల్లలైతే పొగిడి పొగిడి చంపుతారు. టీచరు కదా, తక్కువ మాట్లాడే మనిషేమో.

పొద్దున పెట్టినాం. సాయంత్రానికే మా పేజీలో ఎప్పుడూ రానంత మంది చూసినారు.

నవంబరు 17, సోమవారం

లక్ష దాటింది.

అమ్మ సంగటి కెలుకుతాంటే ఫోన్ తీసుకపోయి చూపించినా. "బిడ్డ బాగుంది, ఎవురే?" అనింది. కమలాపురం రెడ్ల పాప అంటే, "మొగం శానా నీరసంగా ఉండాది" అనింది అమ్మ. నవ్వుతాండే మనిషిని చూసి నీరసం అంటాది. కండ్లద్దాలు మార్పించాల.

నవంబరు 21, శుక్రవారం

కర్నూలు నుంచి స్వర్ణలత మేడం ఫోన్ చేసింది. పెద్ద పెద్ద పెండ్లిండ్లకు పందిరి నుంచి ఫోటోల దాకా అన్నీ ఈమె మనుషులే చేస్తారు. "ఆ నవ్వు పట్టిన అమ్మాయివి నువ్వేనా?" అని అడిగింది. మాఘం నుంచి కర్నూలు, మంత్రాలయం, ఆదోని పెండ్లిండ్లు మాకే ఇచ్చే ఆలోచనలో ఉండాదంట. వాళ్ళ భాగస్తులతో మాట్లాడి చెప్తాదంట.

నాయన ఉండింటే బాగుండు. సిమెంటు ఫ్యాక్టరీలో దుమ్ము మింగి మింగి పోయినాడు. నాకు కెమెరా కొనిచ్చినప్పుడు, "ఆడపిల్ల పెండ్లిండ్లకు పోయి ఫోటోలు తీస్తే ఎవురిస్తారు పని?" అని మా చర్చిలోనే అన్యారు. ఇప్పుడు వాళ్ళే రీలు చూపించి, ఇది మా నిస్సీ తీసిందే అని చెప్పుకుంటాండారంట.

నవంబరు 30, ఆదివారం

ఆరాధన అయినంక చర్చి బయట ముగ్గురు ఆడపిల్లలు వచ్చి, మాకూ అట్లాంటిది తియ్యాల అక్కా అన్యారు. అట్లాంటిది అంటే, అట్లా నవ్వేది.

డిసెంబరు 6, శనివారం

సుప్రజ మెసేజ్ పెట్టింది. ఉన్నదున్నట్టు రాసుకుంటాండా.

"అక్కా, మా పెండ్లి లేదు. నేనే వద్దన్నా. ఆ వీడియో తీసెయ్యండి."

ఏమైందమ్మా అని అడిగినా.

"ఆయన చెయ్యి చేసుకుంటాడు. నిశ్చితార్థం అయిన తర్వాత కార్లో ఒకసారి, వాళ్ళింట్లో ఒకసారి. ఇంట్లో చెప్పినా. వాళ్ళ మామ మీ వీడియో తెచ్చి మా నాన్నకు చూపించినాడు. ఇంతగా నవ్వే మనిషికి ఏం కష్టమొచ్చింది అంటాండారు. అమ్మ కూడా అట్లే అంటాంది. బడికి పోతే పిల్లోల్లు ఫోన్లలో పెట్టుకోని చూస్తాండారు. తీసెయ్యండి అక్కా."

తీసేస్తానని చెప్పినా. తీసేస్తా. స్వర్ణలత మేడం వాళ్ళ మీటింగ్ మంగళవారం. వాళ్ళు చూసేది ఆ ఒక్క రీలే. అది అయినంక తీసేస్తా. అంతలో ఏం మునిగిపోదు.

డిసెంబరు 9, మంగళవారం

మీటింగ్ శుక్రవారానికి మార్చినారు. తీసేస్తా.

డిసెంబరు 10, బుధవారం

కామెంట్లు ఆపేసినా. అదీ సాయమే కదా. చెడ్డగా రాసే వాళ్ళ నోరు మూయించినట్టే.

సుప్రజ మళ్ళీ ఏం రాయలేదు. నేను కూడా రాయలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

స్వర్ణలత మేడం ఒప్పుకునింది. మాఘం నుంచి పని మాకే. "ఆ రీలు మీ పేజీలో అన్నిటికంటే పైన ఉండనీ. మా వాళ్ళందరికీ అదే చూపిస్తాండాం" అనింది. శామ్ కేకు తెచ్చినాడు. అమ్మ ప్రార్థన చేసింది. నేను కూడా కండ్లు మూసుకున్యా.

సాయంత్రం ఇంకో ఫోన్. భార్గవ మేనమామ ఓబుళేశు. "మంచి పని చేసినావు పాపా. ఆ వీడియో మాత్రం తియ్యొద్దు. మా పిల్లోని మీద లేనిపోనివి చెప్తాండారు, నలుగురికీ చూపించేదానికి అదొక్కటే ఉండాది మాకు" అన్యాడు. సరే సార్ అన్యా. ఎందుకన్నానో తెలీదు. నోటికి అలవాటైన మాట.

ఎవురో రీలును ఎత్తుకోని దానికి ఏడుపు పాట తగిలించినారు. కింద "నవ్వి నమ్మించింది" అని రాసినారు. మా పేజీ పేరు మూలన అట్లే ఉండాది.

డిసెంబరు 15, సోమవారం

ఈ పొద్దు సుప్రజ వాళ్ళ అమ్మ స్టూడియోకు వచ్చింది. నాగలక్ష్మమ్మ. కమలాపురం నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. చెప్పులు బయట విడిచింది. వద్దమ్మా వేసుకోని రండి అన్నా వినలేదు.

గొడవ చేస్తాదనుకున్యా. కుర్చీలో కూచోని గోడ మీద ఫోటోలన్నీ చూసింది. తర్వాత చీర కొంగు చేతికి చుట్టుకుంటా అడిగింది.

"పాపా, ఆ పొద్దు నువ్వు దగ్గరే ఉండావు కదా?"

"ఉన్యానమ్మా."

"మా పాప నిజ్జంగా సంతోషంగా ఉండిందా?"

నేను కెమెరా బ్యాగు జిప్పు వేసినా. ఆమే మాట్లాడింది.

"నాకేం తెలీడం లేదు పాపా. అది గదిలోంచి బయటికి రాదు. అన్నం తినదు. వాళ్ళ నాయన, ఆ వీడియో చూసినాక కూడా నువ్వు చెప్పేది ఎట్ల నమ్మాల అన్యాడు దాన్ని. నేను కూడా అన్యా. ఆ మాట అన్నప్పట్నుంచి నా మొగం చూడడం లేదు. రాత్రీ పగలూ నేను ఆ వీడియోనే చూస్తాండా. ఎంత చూసినా నవ్వే కనపడతాది. నువ్వు కెమెరాలోంచి చూసినావు కదా, నీకు వేరే ఏమన్నా కనపడిందేమో అని వచ్చినా."

"వచ్చే ఆదివారం పెద్దమనుషులు వస్తాండారు" అని కూడా చెప్పింది. పిల్లోని పక్కవాళ్ళు మాఘంలోనే పెండ్లి జరగాలంటాండారంట. మొగుడు నారాయణ ఇంచుమించు ఒప్పుకున్నట్టేనంట.

టీ తెప్పిస్తానన్యా. వద్దనింది. పోతా పోతా, "చిన్నప్పట్నుంచి అది గట్టిగా నవ్వే పిల్ల కాదు పాపా. అందుకే అడిగినా" అనింది.

నేను చూసి చెప్తానమ్మా అన్యా. అంతే.

డిసెంబరు 16, మంగళవారం

పొద్దున శామ్ రాకముందే స్టూడియో తలుపు మూసుకోని స్టాండు కెమెరాలో రికార్డయింది మొత్తం చూసినా. పనికొచ్చేది లేదని పక్కన పెట్టిందే. మొదటిసారి కూడా చూసినా. చూసే ఆపేసినా. ఈడ అబద్ధం రాసుకొని ఏం లాభం.

నేను పక్కకు తిరిగి లెన్స్ మార్చుకుంటాండా. మూలన నా వీపు కూడా కనపడతాది. సుప్రజ అంచు కాడికి రాకుండా వెనక్కి జరిగింది. భార్గవ పోయి ఆమె మణికట్టు పట్టుకున్యాడు. పట్టుకోవడం కాదు, మెలేసినాడు. గాజు అప్పుడే పగిలింది. ఏదో అంటాండాడు, గాలి రొదలో వినపడదు. ఇంకో చెయ్యి ఎత్తినాడు, కొట్టలేదు, జుట్టు సర్దుకున్యాడు అంతే. వాని చెయ్యి లేవగానే ఈ పాప మోచెయ్యి టక్కున మొగానికి అడ్డం పెట్టుకునింది. తల భుజంలోకి దించేసింది.

అప్పుడు నేను ఇటు తిరిగి, "రెడీనా? ఏదో ఒకటి చెప్పి నవ్వించండి సార్" అని అరిచినా. నా గొంతు మాత్రం బాగా వినపడతాది.

వాడు ఆమెను అంచుకు తీసుకొచ్చి, చెవి కాడికి వంగి ఏదో అన్యాడు. సుప్రజ తల వెనక్కి వాల్చి నవ్వింది.

ఆ నవ్వునే ముందుకు తెచ్చినా. దానికే లక్షల మంది ఆగినారు.

డిసెంబరు 17, బుధవారం

రీలు తీసేసినా. దాచిపెట్టలేదు, పూర్తిగా తీసేసినా.

శామ్ మండిపడినాడు. "మాఘం పని పోతాది, తెలుసా? ఊర్లో అందరికీ చెప్పుకున్యాం" అన్యాడు. వాన్ని కూచోబెట్టి స్టాండు కెమెరాది వేసినా. మొత్తం చూసినాడు. స్క్రీన్ ఆపేసినాడు. తర్వాత, "నేను నీళ్ళకు పోకుండా ఉండాల్సింది" అన్యాడు. "నువ్వు ఉన్నా నాలాగే ఉండేవాడివిరా" అన్యా.

స్వర్ణలత మేడంకు నేనే ఫోన్ చేసి చెప్పినా. ఆమె చెడ్డగా మాట్లాడలేదు. "నీ బాధ అర్థమైతాంది నిస్సీ. మా వాళ్ళతో మాట్లాడి చెప్తా" అనింది. ఆ గొంతుతోనే తెలిసిపోయింది.

రీలు ఎత్తుకున్న పేజీలన్నిటికీ శామ్ రాస్తాండాడు. ఒకరిద్దరు తీసినారు. పాట తగిలించినవాడు, "వైరల్ అయిన దాన్ని ఎవురన్నా తీస్తారా?" అని నవ్వే బొమ్మ పెట్టినాడు.

మధ్యాహ్నం సుప్రజకు ఫోన్ చేసినా. ఎత్తదనుకున్యా. ఎత్తింది.

"చూసి చెప్తానని అమ్మతో అన్యారంట. మీ కాడ ఇంకో వీడియో ఏమన్నా ఉండాదా అక్కా?" అని అదే ముందు అడిగింది. ఉండాది అన్యా. దాంట్లో ఏముందో చెప్పినా.

ఫోన్లో తలుపు మూసిన చప్పుడు వినపడింది.

"నువ్వు చూసినావా అప్పుడే?" అని అడిగింది.

"తర్వాత చూసినా. ఎడిటింగ్ అప్పుడు."

"చూసి కూడా ఆ నవ్వు పెట్టినావా."

ఔనన్యా.

"ఆదివారం పట్టుకోని రా" అనింది. అక్కా అనలేదు. "నీకు ఇష్టం లేకపోతే చూపించను సుప్రజా" అన్యా. "నేను చెప్తే నమ్మలేదు కదా. వాళ్ళకు చూపిస్తేనే నమ్మకం. చూపించు" అని పెట్టేసింది.

డిసెంబరు 21, ఆదివారం

ఆరాధనకు పోలేదు. పొద్దున్నే శామ్ బండి మీద కమలాపురం పోయినాం.

సుప్రజ వాళ్ళది పెద్ద ఇల్లు, ముందర వరండా. ఓ పక్క నారాయణ, ఇంకోపక్క ఓబుళేశు, భార్గవ. మధ్యలో పెద్దమనిషి రంగస్వామి. సుప్రజ వాకిలి కాడ గోడకు ఆనుకోని నిలబడింది. చిక్కిపోయింది. నాగలక్ష్మమ్మ ఆ పక్కనే.

ఎవురి బిడ్డవమ్మా అని రంగస్వామి అడిగినాడు. ఎర్రగుంట్ల ఏసేపు కూతుర్ని అన్యా. ఓహో అన్యాడు. ఎవురూ కుర్చీ వెయ్యలేదు. మేము మెట్ల కాడ నిలబడినాం.

ఓబుళేశు ముందే తన ఫోన్లో దాచుకున్న రీలు అందరికీ తిప్పి చూపించినాడు. "ఈ వీడియో తీసిన పాప కూడా వచ్చింది, మంచిదైంది. అడగండి. ఇష్టం లేని పిల్ల ఇట్ల నవ్వుతాదా?" అన్యాడు.

"ఈ నవ్వుకు ముందు ఏం జరిగిందో కూడా రికార్డయింది. అది కూడా చూడండి" అన్యా.

భార్గవ తలెత్తి నన్ను చూసినాడు. అదే చూపు. లెన్స్ మారుస్తాంటే ఒకసారి చూసినాడు అట్లే, అప్పుడు పట్టించుకోలేదు.

ల్యాప్‌టాప్ స్టూలు మీద పెట్టి వేసినా. గాలి రొద. నా వీపు. మణికట్టు. మోచెయ్యి. నా అరుపు. నవ్వు.

అయిపోయింది. రంగస్వామి గడ్డం రుద్దుకున్యాడు. "దీంట్లో ఏముందమ్మా? కాబోయే పెండ్లాం చెయ్యి పట్టుకున్యాడు. తప్పేముంది?"

"అంచు కాడ పడిపోతాదని పట్టుకున్యాడు. ఎత్తిన చెయ్యి జుట్టు సర్దుకునేదానికి, మీరే చూసినారు కదా. కొట్టింది యాడుంది?" అన్యాడు ఓబుళేశు.

నిజమే. కొట్టింది యాడా లేదు. ఇంత చేసి ఈ పాపను ఇంకా కిందికి తోసినానేమో అనుకున్యా. సుప్రజ కండ్లు మూసుకునింది.

నారాయణ కుర్చీ ముందుకు జరుపుకున్యాడు. "ఇంకోసారి ఎయ్యి" అన్యాడు.

వేసినా. మోచెయ్యి లేచిన కాడ, "ఆడ ఆపు" అన్యాడు. ఆపినా. ఆయన వంగి చూసినాడు. అందురూ భార్గవ చేతిని చూస్తాంటే ఆయన తన బిడ్డను చూస్తాండాడు.

"ఆ చెయ్యి ఎందుకు లేచింది?" అన్యాడు.

"చెప్పినా కదా బావా, జుట్టు..." అన్యాడు ఓబుళేశు.

"వానిది కాదు. నా బిడ్డది."

ఓబుళేశు ఫోన్ జేబులో పెట్టుకున్యాడు.

"పుట్టినప్పట్నుంచి నేను దాని మీద చెయ్యెత్తలేదు. వాళ్ళమ్మ ఎత్తలేదు. ఇంట్లో ఎవురం ఎత్తలేదు. ఎదుటోని చెయ్యి లేస్తే మొగానికి ఇట్ల అడ్డం పెట్టుకోవాలని దానికి ఎట్ల తెలిసింది? ఎవురు నేర్పించినారు?" అని తన మోచేతిని అట్లే మొగానికి అడ్డం పెట్టి చూపించినాడు. అంత పెద్దమనిషి అట్ల పెట్టుకుంటే చూడలేకపోయినా.

భార్గవ, "మామా, అది కాదు..." అని లేచినాడు.

"నువ్వు మాట్లాడొద్దు నాయనా." అరవలేదు. నీళ్ళియ్యమని అడిగినట్టు అన్యాడు. తర్వాత రంగస్వామి దిక్కు తిరిగి, "వాళ్ళు పెట్టిన చీరలు, ఉంగరం రేపు పంపిస్తా. ఇంక లేయండప్పా" అన్యాడు.

ఓబుళేశు ఏందేందో అన్యాడు. ఊర్లో మీ పరువు ఏం కావాలన్యాడు. నారాయణ వినలేదు. వాళ్ళ కార్లు పోయినంక నా కాడికి వచ్చినాడు.

"ఇది ఇన్ని దినాలు నీ కాడనే ఉండిందా?"

"ఔనండీ."

నా మొగం చూసినాడు. తిట్టింటే బాగుండు. లోపలికి పోయినాడు. సుప్రజ ఆయన వెనకనే పోయింది. లోపల నుంచి ఆయన ఏడుపు వినపడింది. పాప ఏడుపు వినపడలేదు.

మేము బండెక్కి వచ్చేసినాం.

డిసెంబరు 25, గురువారం

క్రిస్మస్. ఈ ఏడు చర్చిలో ఫోటోలు తియ్యలేదు. శామ్ తీసినాడు.

డిసెంబరు 30, మంగళవారం

మాఘం పని కడప వాళ్ళకు ఇచ్చినారంట. స్వర్ణలత మేడం మెసేజ్ పెట్టింది, మర్యాదగానే. కొత్త ఏడాది శుభాకాంక్షలు కూడా చెప్పింది.

జనవరి 5, సోమవారం

సుప్రజ వచ్చింది.

నేను ఒక పాప పాస్‌పోర్టు ఫోటో తీస్తాంటే వాకిట్లో నిలబడి ఉండాది. ఎంతసేపటి నుంచి ఉండాదో. ఆ పాప పోయినంక లోపలికి వచ్చి కూచునింది. బడికి మళ్ళీ పోతాందంట. మొదటి దినం బోర్డు దిక్కు తిరిగి లెక్క రాస్తాంటే వెనక నవ్వులు వినపడినాయంట. లెక్క పూర్తి చేసి ఇటు తిరిగిందంట.

"పాట పెట్టినోడు ఇంకా తియ్యలేదు. శామ్ వారం వారం రాస్తానే ఉండాడు" అని చెప్పినా.

"కనపడతానే ఉంటాది లే. ఎంతమందినని అడుగుతారు" అనింది.

క్షమించమని అడగాలని మాటలు కూడబెట్టుకోని ఉంటి. అడిగినా. ఆ పాప తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. "నువ్వు తెచ్చి చూపించకపోతే ఈ మాఘంలో నాకు పెండ్లి అయిపోయేది. నువ్వు ముందే చెప్పింటే అంత దూరం వచ్చేదే కాదు. రెండూ నిజమే అక్కా. నాకింకా ఏమనాలో తెలీడం లేదు" అనింది.

అక్కా అనింది.

తర్వాత ఎందుకు వచ్చిందో చెప్పింది. "ఆ రెండో వీడియో కూడా తీసెయ్యి."

"ఉండనీలే సుప్రజా. రేపు వాళ్ళు ఏమన్నా పుకార్లు పుట్టిస్తే పనికొస్తాది. పోలీసుల కాడికి పోవాల్సి వస్తే..."

"వద్దు. పోవాల్సి వస్తే నేను పోయి చెప్తా, నా నోటితో. దాంట్లో నేను ఎట్లున్నానో నాకు తెలుసు. అట్ల నన్ను ఇంకెవురూ చూడొద్దు." మళ్ళీ అనింది, "నాన్న చూసినాడు. చాలు."

సిస్టం ముందర కూచోబెట్టినా. యాడ ఏముందో చూపించినా. స్టాండు కెమెరాది, నేను తీసినవి, ఫోటోలు, డిస్కులో దాచిన కాపీ కూడా. ఒక్కొక్కటే తన చేత్తోనే తీసేసింది. ఆ నవ్వు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత అది కూడా తీసేసింది.

అమ్మ అన్నం తిని పొమ్మనింది. తినింది. వంకాయ కూర మళ్ళీ వేయించుకునింది. శామ్ బస్టాండు కాడ దించి వచ్చినాడు.

రేపు ముద్దనూరులో ఇంకో జంట. షూటింగ్‌కు ముందు పెండ్లికూతురితో నేనొక్కదాన్నే కూచోని మాట్లాడతానని ఫోన్ చేసి చెప్పినా. ఎందుకండీ అన్యారు వాళ్ళు. ఊరికే అన్యా. ఏమడగాలో నాకింకా తెలీదు.